మూడో అంతస్తు ఎర్ర తువ్వాలు

ఆ ఉదయానికి వాళ్లిద్దరూ వేసుకున్న పథకం చాలా చిన్నది. బాల్కనీలో రెండు కుర్చీలు, మధ్యన స్టూలు మీద ఒక ఫ్లాస్కు, కాస్త దిగువన అదే ఒడ్డున పాత సబ్బుల ఫ్యాక్టరీ. పదకొండింటికి ఆ ఫ్యాక్టరీని పేల్చి కూలుస్తారు. దాని పొడుగాటి పొగగొట్టం ఒళ్లు విరుచుకుంటూ పడిపోవడాన్ని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీ తాగుతూ చూడాలి. పెళ్లయి యాభై రెండు రోజులే అయిన జంటకు ప్రపంచంలో ఏది కూలినా వేడుకే.

భర్త రేవు ఆఫీసులో గుమాస్తా. చేరి ఆరు నెలలు కావస్తున్నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసే కాగితం పెద్దసారు బల్ల మీద సంతకం కోసం పడిగాపులు పడుతోంది. వాళ్లుంటున్న మూడో అంతస్తు వాటా కూడా ఆఫీసుదే. కాబట్టి ఉద్యోగం ఊడితే బాల్కనీ ఊడుతుంది. ఆ బాల్కనీ అంటే ఇద్దరికీ ప్రాణం. వంటింట్లోకి ఒకరు వెళ్లాలంటే ఇంకొకరు బయటికి రావాలి. స్నానాలగదిలో కుళాయి తిప్పితే పడగ్గది గోడ దగ్గుతుంది. అయినా సరే, బాల్కనీలో నిలబడి నది వైపు చూస్తే ఆ ఇల్లు రాజభవనమే.

పైగా ఆ బాల్కనీకి ఒక రహస్య భాష ఉంది. పెళ్లికి ఎవరో తువ్వాళ్ల సెట్టు చదివించారు: నీలం, పసుపు, తెలుపు, ఎరుపు. రేవు ఆఫీసు అవతలి ఒడ్డున ఉంది. అక్కడ పడవలు లెక్కపెట్టడానికి ఇచ్చిన దుర్భిణిని కాస్త పక్కకు తిప్పితే బాల్కనీ ఎదుటికొచ్చి నిలబడుతుంది. నీలం తువ్వాలు ఆరేస్తే వంటయింది, రావచ్చు. పసుపు ఆరేస్తే చుట్టాలొచ్చారు, వచ్చేటప్పుడు తినడానికి ఏదైనా పట్టుకురావాలి. తెలుపంటే ఏమీ లేదు, ఊరికే, చూస్తారని. ఎరుపంటే కోపం. ఫోన్ చేసినా ఎత్తదు, స్వయంగా వచ్చి బతిమాలుకోవాలి. ఈ యాభై రెండు రోజుల్లో తెల్ల తువ్వాలు అరిగి జల్లెడయింది. ఎర్రదానికి ఇంకా మడత కూడా విప్పలేదు.

ఏడింటికి ఫోన్ మోగింది. పెద్దసారు.

"ఏమయ్యా, ఇంకా ఇంట్లోనే ఉన్నావా? పదకొండింటికి మీట నొక్కడానికి పైనుంచి పెద్దాయన వస్తున్నాడు. కుర్చీలకు కవర్లు తొడగలేదు, మైకు పలకట్లేదు. నువ్వు తక్షణం రావాలి!"

అతను ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, మళ్లీ సరిచేసుకుని గుమ్మం దాటాడు. ఆమె ఫ్లాస్కు మూత చేత్తో పట్టుకుని వెనకే వచ్చింది.

"పదిన్నరకల్లా వచ్చేస్తారుగా?"

"చూద్దాం," అన్నాడతను మెట్లు దిగుతూ.

పెళ్లయినవాడు అనకూడని మాటల్లో 'చూద్దాం' అన్నది మొదటిదని అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నోటీసు సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీ కూల్చేటప్పుడు పడవల్ని ఆపాలి కదా. నదిలో లోతు ఆ ఫ్యాక్టరీ పక్కనే ఉంది, బరువు పడవలన్నీ దాని గోడను రాసుకుంటూ పోవాల్సిందే. పదిన్నర నుంచి పదకొండున్నర దాకా రాకపోకలు బంద్ అని నోటీసు రాసే పని గుమాస్తాకు అప్పగించారు. అతను మూడు రోజులు కూర్చుని దాన్ని చెక్కాడు. పోయినేడాది వంతెన మరమ్మతులప్పుడు పడవలవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్పి దూసుకుపోయారు. ఒకడి గడియారం వెనకబడింది, ఇంకొకడికి ఆఫీసులో బావమరిది ఫోన్ చేసి పొమ్మన్నాడు. ఈసారి చీమకు కూడా సందు దొరక్కూడదనుకుని ఆరో పేరా ఇలా రాశాడు:

"మలుపు దాటిన పిమ్మట ఎడమ ఒడ్డున ఎర్రగుడ్డ కనబడినచో పడవలన్నియు అచ్చటనే నిలిచిపోవలెను. ఆకుపచ్చ గుడ్డ కనబడు వరకు కదలరాదు. గడియారము ఏమి చెప్పినను, ఫోనులో ఏమి చెప్పినను, ఎంతటివారు వచ్చి చెప్పినను వినరాదు. తుదిమాట గుడ్డదే."

పెద్దసారు చదివి, "భేష్! ఎక్కడా సందు లేదయ్యా," అని మెచ్చుకుని పడవలవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించాడు. గుమాస్తా ఆ రాత్రి ఇంటికెళ్లి భార్యకు దాన్ని మొత్తం చదివి వినిపించాడు. రెండో పేరా దగ్గరే ఆమెకు నిద్ర పట్టింది. అతను ఆ సంగతి గమనించక చివరిదాకా చదివాడు.

*

ఎనిమిదింపావుకి కుర్చీల కవర్లు తొడగడం అయింది. ఎనిమిదిన్నరకి మైకు పలికింది. కానీ ఎనిమిదిన్నరకి రావాల్సిన పేలుడు నిపుణుడు రాలేదు. ఆయన ఎగువనుంచి లాంచీలో వస్తున్నాడు. గోడలకు కన్నాలు నిన్ననే తొలిచి వెళ్లాడు, మందుగుండు పెట్టె మాత్రం తన వెంటే తెస్తాడు. ఎనిమిదీ ముప్పావు అయింది. తొమ్మిదయింది. నిపుణుడి మాట అటుంచి, నది మీద ఒక్క పడవ జాడ లేదు. నీళ్లు కడిగిన పళ్లెంలా మెరుస్తున్నాయి.

"ఇదేంటయ్యా?" అన్నాడు పెద్దసారు. "కూరల పడవ రాలేదు, ఇసుక పడవ రాలేదు. నదికి సెలవిచ్చామా?"

"చూసొస్తాను సార్," అని గుమాస్తా ఆఫీసు మేడెక్కి దుర్భిణి అందుకున్నాడు.

మలుపు దగ్గర పడవలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కినట్టు కిక్కిరిసి ఉన్నాయి. అన్నీ ఒకేచోట ఆగాయి. ఆ చోటు ఎక్కడో చూసిన చోటులా ఉంది. దుర్భిణిని మెల్లగా పైకెత్తాడు. మొదటి అంతస్తు, రెండో అంతస్తు, మూడో అంతస్తు. బాల్కనీ తీగ మీద, మడత గీతలైనా పోని కొత్త ఎర్ర తువ్వాలు, కొత్తపెళ్లికూతురి కోపమంత నిండుగా రెపరెపలాడుతోంది.

ఆఫీసువాళ్లు ఎర్రజెండా కట్టాల్సిన గుంజ ఇంకా అరమైలు దిగువన ఉంది. దానికి జెండా కట్టే వేళ పదిన్నర. కానీ నోటీసులో గుంజ ఊసే లేదు. గుంజ మంజూరవుతుందో లేదో అన్న అనుమానంతో అతనే రాయలేదు. మలుపు దాటాక, ఎడమ ఒడ్డున, ఎర్రగుడ్డ. మూడూ సరిపోయాయి. గడియారం మాట వినొద్దని కూడా అతనే రాశాడు.

గుమాస్తా దుర్భిణి పక్కన పడేశాడు.

భార్యకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎర్ర తువ్వాలు రూలు ప్రకారం ఎత్తకూడదు కూడా. తొమ్మిదిసార్లు చేసి, లాంచీ నడిపే సరంగుకి చేశాడు.

"సరంగన్నా, నేను, రేవు ఆఫీసు గుమాస్తాని. అది మన జెండా కాదు. కదలండి."

"కుదర్దు సార్."

"నేను చెప్తున్నాగా!"

"మీరే రాశారుగా సార్, ఎంతటివారు చెప్పినా వినొద్దని. ఆరో పేరా. చదవమంటారా?"

"వద్దన్నా, నాకు నోటికొచ్చు."

"మరింకేం? పోయినేడు బావమరిది ఫోన్ చేశాడని కదిలి ఇరవై రోజులు లైసెన్సు పోగొట్టుకున్నాను. ఈసారి నా దగ్గర మీ పప్పులుడకవు. ఆకుపచ్చ గుడ్డ చూపించండి, గాల్లో తేలిపోతాను."

తీసిన గోతిలో తానే పడ్డవాళ్ల కథలు గుమాస్తా చాలా విన్నాడు. గొయ్యి ఇంత శ్రద్ధగా, పేరాలకు అంకెలు వేసి మరీ తవ్వినవాణ్ని మాత్రం తననే చూశాడు.

కిందికి దిగేసరికి పెద్దసారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఏమైందయ్యా?"

"చిన్న సాంకేతిక ఇబ్బంది సార్. మలుపు దగ్గర ఒక గుడ్డ..."

"ఎవడు కట్టాడు? వాడి ఉద్యోగం ఊడబెరుకుతాను!"

"కట్టింది మన ఆఫీసు మనిషి కాదు సార్," అన్నాడు గుమాస్తా. అది అక్షరాలా నిజం.

"నాకవన్నీ తెలీదు. పదిన్నరకి పెద్దాయన దిగుతాడు. పేల్చేవాడు లేకపోతే ఆ ఫ్యాక్టరీ దానంతటదే కూలుతుందా? చిన్న పడవేసుకుని వెళ్లి ఆయన్ని పట్టుకురా. పట్టుకొస్తే సాయంత్రం నీ కాగితం మీద సంతకం. రాకపోతే..." పెద్దసారు వాక్యం పూర్తి చేయలేదు. బల్ల కిందున్న చెత్తబుట్ట వైపు ఒక్క చూపు చూశాడు.

*

గుమాస్తా తెడ్డు వేసుకుంటూ ఎగువకు చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. దగ్గరికొచ్చి లెక్కపెట్టాడు, అలవాటు కొద్దీ. ఇరవై మూడు పడవలు. ఇసుక పడవ ఒకటి ఒడ్డు మెట్లకు అడ్డంగా తిరిగి ఇరుక్కుంది. గట్టు మీదికెక్కి ఇంట్లోకి వెళ్దామన్నా దారి లేదు.

"సారొచ్చారు, సారొచ్చారు!" అని సరంగు కేకేశాడు. "ఏం సార్, ఈసారి జెండా కాపలాకి ఆడమనిషిని పెట్టారా? భలే గట్టిమనిషి సార్!"

"ఏమైంది?"

"తొమ్మిదింటికి అడిగాం, 'అమ్మా, ఈ గుడ్డ ఎప్పుడు తీస్తారు?' అని. 'ఆయన వచ్చేదాకా తియ్యను' అంది. 'ఆయన ఎప్పుడొస్తారమ్మా?' అంటే, 'ఏమో, చూద్దాం అన్నారు' అంది. పెద్ద ఆఫీసరేమో, ఆయన టైము ఆయనది అని ఊరుకున్నాం."

"రానీ, ఆ ఆఫీసరు సంగతి నేను తేలుస్తా," అంది కూరల పడవ అవ్వ. "ఎండకి నా తోటకూర తలకాయలు వాల్చేస్తోంది. బుద్ధుందా ఆ మనిషికి?"

లాంచీ మధ్యలో ఒక పెద్దమనిషి తెల్లటి టోపీ పెట్టుకుని, పెట్టె మీద కాలు మీద కాలు వేసుక్కూర్చున్నాడు. పేలుడు నిపుణుడు.

"సార్, మీరైనా చెప్పొచ్చు కదా! మీరు లేకపోతే పేలుడే లేదు. పేలుడు లేకపోతే ఈ గుడ్డకి అర్థమే లేదు!"

"బాబూ, ముప్పై ఏళ్లుగా పేలుస్తున్నా. నా పది వేళ్లూ నా దగ్గరే ఉన్నాయంటే, ఎర్రగుడ్డ కనిపిస్తే ఆగుతాను కాబట్టి. ఎందుకు కట్టారని ఏనాడూ అడగలేదు."

గుమాస్తా తల పైకెత్తాడు. బాల్కనీలో రెండు కుర్చీలూ వేసే ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె కూర్చుని ఉంది, రెండోదాంట్లో ఫ్లాస్కు. అతన్ని చూసి ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. కోపంలో ఉన్నానని గుర్తొచ్చి వెంటనే ఆర్పేసుకుంది.

"తువ్వాలు తియ్యవే!" అని అరిచాడతను.

"అలాగేనా అడగడం?"

ఇరవై మూడు పడవల మీద తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. సరంగు గుమాస్తా వైపు చూశాడు. బాల్కనీ వైపు చూశాడు. మళ్లీ గుమాస్తా వైపు చూశాడు.

"సార్... 'ఆయన' అంటే..."

"నేనే అన్నా," అన్నాడు గుమాస్తా నీరసంగా.

"మీరా ఆ ఆఫీసరు!" అంది అవ్వ. ఆమె చేతిలో ఒక వంకాయ లేచింది. కానీ ఎందుకో దించేసింది. "పెళ్లయి ఎన్నాళ్లయింది నాయనా?"

"యాభై రెండు రోజులవ్వా."

"అదీ సంగతి! సరే, మా గొడవ తర్వాత. ముందు బతిమాలు. గట్టిగా బతిమాలు. ఆ గొణుగుడు మూడంతస్తులెక్కదు."

"ఏమండోయ్," అని పైనుంచి వినబడింది, "ఇంతమందిని వెంటేసుకొచ్చారేంటి? సిఫారసుకా?"

"వెంటేసుకురాలేదు, నువ్వే ఆపావు! నీ ఎర్ర తువ్వాలు చూసి నది మొత్తం ఆగిపోయింది! నా నోటీసు... ఆరో పేరా... నీకు చదివి వినిపించానుగా!"

"ఆరో పేరానా?" ఆమె నాలుక కరుచుకుంది. "నేను రెండో పేరా దాకానే ఉన్నానండీ."

ఆమెకు విషయం అర్థమై చెయ్యి తువ్వాలు మీదికి వెళ్లింది. మళ్లీ ఆగింది. తప్పు తనదని తెలిసినంత మాత్రాన కోపం మధ్యలో వదిలేస్తే, ఇంకోసారి కోపానికి విలువుంటుందా?

"తీస్తాను. కానీ ముందు 'చూద్దాం' అన్నది వెనక్కి తీసుకోండి."

"తీసుకున్నాను!"

"వినబడలేదు!"

"వినబడలేదంటోంది సార్," అన్నాడు సరంగు సాయంగా.

గుమాస్తా చిన్న పడవలో లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. తెడ్డు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, ఆఫీసులో మైకైనా చేరనంత దూరానికి చేరేలా అరిచాడు. "ఇక మీదట 'చూద్దాం' అనను! వస్తానంటే వస్తాను, రానంటే రాను! పొగగొట్టం నీ పక్కన కూర్చునే చూస్తాను! నన్ను క్షమించు!"

"అలా అన్నావు, బాగుంది," అంది అవ్వ.

ఆమె తువ్వాలు లాగేసింది. పడవల మీద చప్పట్లు మోగాయి. కానీ ఒక్క పడవా కదల్లేదు.

"ఇంకేంటన్నా?" అన్నాడు గుమాస్తా.

"ఆకుపచ్చ సార్," అన్నాడు సరంగు వినయంగా. "ఎర్రది పోతే చాలదు, ఆకుపచ్చది రావాలి. తుదిమాట గుడ్డదే."

"ఇంట్లో ఆకుపచ్చది ఏముంది?" అని పైకి కేకేశాడు.

"ఏముంది? మీ చొక్కా ఉంది! మొదటిసారి నన్ను చూడ్డానికి వేసుకొచ్చారే, మిడత రంగుది!"

"అది మిడత కాదు, చిలకపచ్చ..." అనబోయి, ఇరవై మూడు పడవలు వింటున్నాయని నోరు మూసుకున్నాడు. "అదే. అది కట్టు!"

ఆమె లోపలికి పరిగెత్తింది. పదికి ఇంకా పది నిమిషాలుంది. చొక్కా రెండు చేతులా పట్టుకుని బాల్కనీలోకి వచ్చిందో లేదో, దిగువన ఎవరో బద్ధకంగా నిట్టూర్చినట్టు ఒక చప్పుడైంది.

అందరూ అటు తిరిగారు. సబ్బుల ఫ్యాక్టరీ నదివైపు గోడ ఒక్కసారి బొజ్జ ముందుకు పెట్టింది. నిపుణుడు నిన్న తొలిచిన కన్నాలన్నీ నోళ్లు తెరిచాయి. అరవై ఏళ్లు నిలబడి విసిగిపోయిన మనిషిలా పొగగొట్టం మెల్లగా వంగి, గోడను కూడా తోడు తీసుకుని, పడవలు రోజూ రాసుకుపోయే దారిలో నిలువునా కూలిపోయింది. నీళ్లు తాటిచెట్టంత లేచాయి. అరవై ఏళ్ల సబ్బు ధూళి నది మీద పడి, దిగువంతా నురగలు కక్కింది.

సరంగు టోపీ తీశాడు.

"రోజూ ఈ వేళకి నా లాంచీ సరిగ్గా అక్కడుంటుంది," అన్నాడు మెల్లగా.

"నేను నీ వెనకే ఉంటాను," అంది అవ్వ.

నిపుణుడు మాత్రం తన పెట్టె వైపు చూసుకున్నాడు, తమకెంత అవమానం జరిగిందో దానికీ తెలియాలన్నట్టు. "మందు పెట్టకుండానే!" అన్నాడు. "నేను రాకుండానే!"

గుమాస్తా తల పైకెత్తాడు. ఆమె కిందికి చూసింది. ఒకరు మూడో అంతస్తులో, ఒకరు నీళ్లలో. మధ్యలో టీ చల్లారిపోయింది. అయినా పొగగొట్టం ఇద్దరూ ఒకేసారి చూశారు.

అంతలో ఫోన్ మోగింది. పెద్దసారు.

"ఏమయ్యా! పొద్దున ఎనిమిదింటి నుంచీ ఆ దారిలోకి పడవలు రాకుండా ఆపిందెవరు?"

"సార్, అది మా ఇంట్లో..."

"గట్టిగా అనకు! పెద్దాయన ముందే వచ్చేశాడు, పక్కనే ఉన్నాడు. 'ఒక్క ప్రాణం కూడా పోలేదంటే మా ఆఫీసు ముందుచూపు' అని ఇప్పుడే చెప్పాను. ఆయన చెయ్యి కలిపాడు. నువ్వు వచ్చి నోరు విప్పకుండా నిలబడు."

సాయంత్రం, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, పెద్దసారు కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

"ఇంతకీ ఎనిమిదింటికే ప్రమాదముందని నీకెలా తెలిసిందయ్యా?"

"నాకు తెలీలేదు సార్," అన్నాడు గుమాస్తా. ఇంక దాచి లాభం లేదనిపించింది. "అది జెండా కాదు, మా ఆవిడ తువ్వాలు. నా మీద కోపమొచ్చి ఆరేసింది."

పెద్దసారు కలం గాల్లో ఆగింది. ఆయన కాపురానికి ముప్పై ఒక్క ఏళ్లు. కిటికీలోంచి నురగలు తేలుతున్న నది వైపు చూశాడు.

"మీ ఆవిడ నయం," అన్నాడు చివరికి. "ముందుగా జెండా ఎగరేస్తుంది." సంతకం పెట్టేశాడు.

మర్నాడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఫ్యాక్టరీలో మిగిలిన సగం కూల్చడానికి రెండు నెలలు పడుతుంది కనుక, గుంజ కంటే ఆ బాల్కనీయే పడవలకు బాగా కనబడుతుందని తేలింది కనుక, దాన్ని 'ఒకటో నంబరు సంకేత కేంద్రం'గా ప్రకటించారు. ఆఫీసు అనుమతి లేనిదే అక్కడ ఎర్రని వస్త్రమేదీ ఆరవేయరాదు. కావలసినవారు కారణం చూపుతూ గుమాస్తాకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఉత్తర్వు రాసింది కూడా గుమాస్తాయే. ఈసారి ఆమె నిద్రపోకుండా చివరి పేరా దాకా విన్నది, మధ్యలో రెండు సందేహాలు కూడా అడిగింది.

తొమ్మిది రోజులు హాయిగా గడిచాయి. పదో రోజు పొద్దున అతను ఏదో ధ్యాసలో మెట్లు దిగుతూ ఒక మాట జారాడు. పదకొండింటికి సరంగు లాంచీ దిగొచ్చి అతని బల్ల మీద ఒక కవరు పెట్టాడు. లోపల పద్ధతి ప్రకారం నింపిన దరఖాస్తు. వస్త్రం: ఎర్ర తువ్వాలు ఒకటి. వ్యవధి: మీరు వచ్చేవరకు. కారణం: చూద్దాం.

గుమాస్తా దాన్ని మూడుసార్లు చదివాడు. ఎక్కడా సందు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి వరకు నదిలో పడవల రాకపోకలు నిలిపివేశారు. నోటీసులో కారణం 'అత్యవసర మరమ్మతులు' అని ఉంది.